పాపది ఎడమచేతి వాటం: ఏవి కొనాలి, ఏవి కొననక్కర్లేదు?

వేళచ్చేరి_వనజ

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటాం. పాపకి ఆరున్నరేళ్ళు, ఒకటో తరగతి. పుర్రచెయ్యి. పెన్సిలు, బ్రష్షు, బంతి విసరడం అన్నీ ఎడమచేత్తోనే. మార్పించే ఉద్దేశం మాకు లేదు. స్కూలు వాళ్ళూ ఏమీ అనడం లేదు, కాకపోతే ఎలా నేర్పాలో వాళ్ళకీ తెలీదు. కాబట్టి "మార్చాలా వద్దా" అన్న చర్చ వద్దండీ, పనికొచ్చే మాటలు చెప్పండి చాలు.

మణికట్టు కొంకిలా వంచి రాస్తోంది. పేజీ పూర్తయ్యేసరికి అరచేతి అంచంతా పెన్సిలు మసి. స్కూల్లో ఇంగ్లీషు, తమిళం, ఇంట్లో మేం నేర్పే తెలుగు. మూడింట్లో తెలుగే ఎక్కువ అలుక్కుపోతోంది, ఎందుకో అర్థం కావడం లేదు. కత్తెరతో కాగితం తెగదు, మడతపడుతుంది. బెంచీలో పక్కపిల్ల మోచేయి తగులుతోందని రోజూ ఫిర్యాదు. స్కేలు పెట్టి గీత గీస్తే అంకెలు చేతికింద దాక్కుంటాయి. ఆన్‌లైన్‌లో ఎడమచేతి పిల్లల కిట్ అని కత్తెర, స్కేలు, షార్ప్‌నర్, పెన్నులు, నోటుబుక్కు అన్నీ కలిపి అమ్ముతున్నారు. కొనొచ్చా?

ఇంకోటి. మా అత్తగారు అన్నం, ప్రసాదం మాత్రం కుడిచేత్తోనే అంటారు. దానివల్ల రాతకేమైనా ఇబ్బందా?

---

రాతబల్ల

పిల్లల చేతిరాత మీద పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్టుని. రాత వరకు నేను చెబుతాను.

కొంకి చెయ్యి ఎడమచేతి వాటంతో పుట్టేది కాదు, కాగితం పెట్టిన తీరుతో వచ్చేది. పుస్తకం నిటారుగా పెట్టినా, కుడిచేతి పిల్లల్లా ఎడమకి వాల్చినా, రాస్తున్న అక్షరానికి తన చెయ్యే అడ్డమవుతుంది. అది కనబడాలంటే చేతిని పైనుంచి చుట్టి తేవాలి. అదే కొంకి. చేతిని సరిచేయమని ఎంత చెప్పినా లాభం లేదు, కాగితాన్ని సరిచేయండి.

పుస్తకం పాప ముక్కుకి సూటిగా కాకుండా శరీరానికి ఎడమవైపు ఉండాలి. తర్వాత దాన్ని గడియారం ముల్లు తిరిగే వైపుకి 30 నుంచి 45 డిగ్రీలు తిప్పండి, అంటే పేజీ పైభాగం కుడికి వాలాలి. సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి కోణమానిని అక్కర్లేదు. పాప ముంజేయీ, పేజీ నిలువు అంచూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే సరిపోయినట్టే. ఇంట్లో బల్లమీద ఆ కోణంలో రంగు టేపు అంటించి పెట్టండి, రోజూ చెప్పే పని తప్పుతుంది. కుడిచెయ్యి ఊరికే ఒళ్ళో ఉండకూడదు, పేజీని కుడిపక్క పట్టుకోవాలి.

పెన్సిలు మొన నుంచి 3–4 సెంటీమీటర్ల పైన పట్టుకోవాలి. కుడిచేతి పిల్లలకి 2–2.5 సరిపోతుంది, వీళ్ళకి చాలదు, వేళ్ళే అడ్డమొస్తాయి. ఆ ఎత్తులో చిన్న రబ్బరు బ్యాండు చుట్టండి. పెన్సిలు వెనక కొస ఎడమ మోచేతి వైపు చూస్తూ ఉండాలి. కుర్చీ మామూలుకన్నా కాస్త ఎత్తుగా ఉంటే చేతిమీదుగా రాత కనబడుతుంది. దీపం వెలుగు కుడివైపు నుంచి రావాలి, ఎడమ నుంచి వస్తే నీడ సరిగ్గా రాసేచోటే పడుతుంది.

ఇక మసి. చెయ్యి గీతకి పైన ఉంటే పై వరస అలుక్కుంటుంది. గీతమీదే పక్కగా ఉంటే అప్పుడే రాసిన మాట అలుక్కుంటుంది. గీతకి కింద ఉంటే దేన్నీ తాకదు. మనకి కావలసింది ఈ మూడోదే. తెలుగులో ఎక్కువ అలుక్కుపోవడానికి కారణం ఒత్తులు. తమిళంలో ఒత్తులుండవు, పుళ్ళి (పొల్లు అక్షరానికి పెట్టే చుక్క) అక్షరం నెత్తిన ఉంటుంది. మనకి "అమ్మ", "అక్క", "పుస్తకం" అన్నింట్లోనూ గీతకింద ఒక అంతస్తు ఉంది. ఇంగ్లీషుకి సరిపడా కిందికి పెట్టిన చెయ్యి తెలుగు ఒత్తుమీదికి వచ్చి కూర్చుంటుంది. అందుకని తెలుగు రాసేటప్పుడు చెయ్యి ఇంకో రెండు వేళ్ళ మందం కిందికి ఉండాలి, పుస్తకంలో వరస విడిచి వరస రాయించాలి. పెన్సిలు 2బి లాంటి మెత్తనిది వద్దు, హెచ్‌బి చాలు. అప్పటికీ మసి అవుతుంటే హెచ్ ఇవ్వండి. అది లేతగా పడుతుంది కాబట్టి పిల్లలు గట్టిగా నొక్కకుండా చూసుకోవాలి.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. కాపీరైటింగ్ పుస్తకాల్లో నమూనా అక్షరం వరసకి ఎడమ చివర ఉంటుంది. ఎడమచేతి పిల్లలు రాయడం మొదలుపెట్టగానే అది చేతికింద మాయమవుతుంది. రెండో అక్షరం నుంచి తను రాసిన దాన్నే చూసి రాస్తుంది, వరస చివరికి ఆకారం మారిపోతుంది. "శ్రద్ధ లేదు" అని తిట్టేది ఇక్కడే. నమూనాని కుడి చివర కూడా మీరే ఒకటి రాసి పెట్టండి.

మణికట్టు ఇప్పటికే వంగిపోయింది కాబట్టి గోడకి బిగించిన బోర్డుమీద సుద్దతో రోజూ ఓ పది నిమిషాలు రాయించండి, భుజం ఎత్తున. నిలువుగా ఉన్న పలకమీద మణికట్టు వంచి రాయడం కష్టం, దానంతటదే వెనక్కి వాలుతుంది. పుస్తకంమీద మార్పు రావడానికి వారాలు పడుతుంది. పరీక్షల ముందు మొదలుపెట్టకండి.

సున్నలు గడియారం ముల్లు దిశలో చుట్టినా, ఇంగ్లీషు టీ అక్షరం అడ్డగీత కుడి నుంచి ఎడమకి లాగినా వదిలేయండి. ఎడమచేతికి అదే సహజం, చదివేవాళ్ళకి తేడా తెలీదు. అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తే మాత్రం కంగారు వద్దు, ఆ వయసులో కుడిచేతి పిల్లలూ రాస్తారు. ఏడెనిమిదేళ్ళు దాటాక కూడా తరచూ ఉంటే అప్పుడు చూపించాలి.

ఇది చదివే పసిపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. ఏడాదిన్నర లోపు బిడ్డ ఒకే చెయ్యి వాడుతూ రెండో చేతిని పట్టించుకోకపోతే దాన్ని వాటం అనుకోకండి. ఆ రెండో చేతిలో బలహీనత ఉందేమో పిల్లల డాక్టరు చూడాలి. వాటం స్థిరపడేది సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య.

---

కత్తెర_సాన

కత్తెర సంగతి నాకు వదిలేయండి.

కుడిచేతి కత్తెరని కోసే భంగిమలో పట్టుకుని చూడండి, పైనున్న అలుగు (కోసే రేకు) ఎప్పుడూ కుడివైపు ఉంటుంది. తిరగేసి పట్టుకున్నా మళ్ళీ కుడివైపే. ఎడమచేతి కత్తెరలో పై అలుగు ఎడమవైపు ఉంటుంది. కొట్లో పరీక్ష ఇదొక్కటే. పిడి మీద "రెండు చేతులకీ" అని రాసి, పిడి మాత్రం రెండువైపులా గుండ్రంగా చేసి అమ్మే కత్తెరల్లో అలుగులు కుడిచేతివే ఉంటాయి. వాటికి డబ్బు దండగ.

కాగితం ఎందుకు మడతపడుతుందంటే, కత్తెర మూసేటప్పుడు మన బొటనవేలు పిడిని కాస్త బయటికి నెడుతుంది, మిగతా వేళ్ళు లోపలికి లాగుతాయి. కుడిచేతిలో ఆ పక్కబలం రెండు అలుగుల్నీ ఒకదానికొకటి ఒత్తుతుంది. ఎడమచేతిలో అదే బలం అలుగుల్ని విడదీస్తుంది, సందులోకి కాగితం దూరుతుంది. పైగా గీత అలుగు వెనక్కి పోతుంది, కనబడదు. పాప చెయ్యి చేతకానిది కాదు, ఆ కత్తెరతో ఎవరికైనా అంతే. మీరు ఎడమచేత్తో పట్టుకుని చూడండి.

ఎడమచేతి కత్తెర దొరికేదాకా ఒక ఉపాయం. బొటనవేలిని అరచేతి వైపు లాగుతూ, వేళ్ళని బయటికి నెడుతూ కోస్తే ఇదే కత్తెర తెగుతుంది. అయితే బొటనవేలు త్వరగా నొప్పి పుడుతుంది, పిల్లలకి దీన్నే అలవాటు చేయకండి. చిన్నపిల్లలకి 5 అంగుళాలది, మొన గుండ్రంగా ఉన్నది తీసుకోండి. వృత్తాలు కోసేటప్పుడు ఎడమచేతివాళ్ళు గడియారం ముల్లు దిశలో పోవాలి, కుడిచేయి కాగితాన్ని తిప్పుతూ ఉండాలి. చెన్నై ప్యారీస్ బజారు వీధుల్లో వెతికే ముందు పైన చెప్పిన అలుగు గుర్తు నేర్చుకుని వెళ్ళండి. "లెఫ్ట్ హ్యాండ్ ఉంది మేడమ్" అని చేతిలో పెట్టేది చాలాసార్లు మామూలుదే.

కిట్ వద్దు. కత్తెర ఒక్కటీ విడిగా కొనండి. ఎడమచేతి పెన్సిలంటే పేరు తిరగేసి అచ్చువేసిన పెన్సిలే. నోటుబుక్కు స్పైరల్‌ది అయితే వెనకనుంచి మొదలుపెట్టి తిరగేసి వాడుకుంటే ఆ తీగ కుడిపక్కకి పోతుంది, లేదా పైన కుట్టుండే ప్యాడ్. షార్ప్‌నర్ కూడా అక్కర్లేదు. మామూలు షార్ప్‌నర్‌లో ఎడమచేత్తో పెన్సిలు తిప్పబోతే మణికట్టు సహజంగా తిరిగే దిశ, బ్లేడు కోసే దిశ ఎదురెదురు. ఎడమచేతిలో పెన్సిలు కదలకుండా పట్టుకుని, కుడిచేత్తో షార్ప్‌నర్‌ని తిప్పమనండి. అదే షార్ప్‌నర్ చక్కగా చెక్కుతుంది.

స్కేలు ఇష్టమైతే కొనండి, సున్నా కుడిపక్క ఉండేది. లేకపోయినా నడుస్తుంది. గీత గీస్తూ కొలవొద్దు. 6 సెంటీమీటర్ల గీత కావాలంటే ముందు సున్నా దగ్గరొక చుక్క, ఆరు దగ్గరొక చుక్క పెట్టాలి. తర్వాత అంకెలు కనబడక్కర్లేదు, కుడి చుక్క నుంచి ఎడమ చుక్కకి లాగేయడమే. కోణమానినికి రెండువైపులా అంకెలుంటాయి, దాంతో గొడవ లేదు.

పెద్దయ్యాక వంటింట్లోకి వచ్చేసరికి ఇదే లెక్క. ఒకవైపే పదునున్న వస్తువైతే తేడా, రెండువైపులా ఉంటే తేడా లేదు. కత్తిపీటకి వాటం లేదు. బ్లేడు అటూ ఇటూ ఊగే పీలర్‌కి లేదు, బిగించిన బ్లేడు పీలర్‌కి ఉంది. పళ్ళున్న బ్రెడ్డు కత్తికి ఒకవైపే సాన ఉంటుంది, అందుకే ఎడమచేత్తో కోస్తే ముక్క ఏటవాలుగా పోతుంది. పాలగిన్నెకి మూతి ఒకే పక్క ఉంటే అది ఎడమపక్క ఉంటుంది, కుడిచేత్తో వంచడానికి. రెండువైపులా మూతి ఉన్నది అడిగి తీసుకోండి. బల్లకి బిగించే కొబ్బరి కోరులో చేతిపిడి కుడిపక్కే, అయితే దాన్ని బల్ల అటు అంచుకి బిగించి మనం ఇటువైపు నిలబడితే పనవుతుంది.

---

మాంబళం_మావయ్య

అన్నం గురించి ఎవరూ చెప్పలేదు. రాతకి కావలసిన సూక్ష్మమైన వేళ్ళ పని అన్నం కలపడంలో లేదు. కుడిచేత్తో తినడం నేర్పితే రాత చెడదు. చాలా ఇళ్ళలో కుదిరిన ఒప్పందం కూడా అదే, అన్నం కుడి, కలం ఎడమ. కాకపోతే మెల్లగా నేర్పాలి. ఎడమచెయ్యి కంచంలో పెట్టగానే దెబ్బ వేస్తే అది అన్నం దగ్గర ఆగదు, మిగతా పనుల్లోనూ ఆ చెయ్యి ఎత్తడానికి జంకుతుంది. స్పూనూ ఫోర్కూ ఎడమచేతికే వదిలేయండి. ప్రసాదానికి, తీర్థానికి కుడి అరచేతి కింద ఎడమచెయ్యి పెట్టి దోసిలి పట్టమనండి, పెద్దవాళ్ళూ ఎలాగూ అలాగే పట్టాలంటారు. భోజనాల బంతిలో కూర్చున్నా బెంచీలో కూర్చున్నా ఎడమ చివరి చోటు. అప్పుడు తన ఎడమ మోచేతి పక్క ఎవరూ ఉండరు. అక్కడ గోడ ఉంటే బెంచీని జానెడు జరపమనండి.

---

వేళచ్చేరి_వనజ

చాలా థాంక్సండీ. బల్లమీద టేపు అంటించేశాను, షార్ప్‌నర్ ఉపాయం వెంటనే పనిచేసింది. రెండు సందేహాలు. వచ్చే విజయదశమికి సంగీతంలో పెట్టాలని ఉంది. పాపకి మృదంగం సరదా, మాకు వీణ. ఎడమచేతి వాటానికి ఏది? రెండోది, పై క్లాసుల్లో ఇంకు పెన్ను తప్పనిసరి అంటున్నారు, ఏ పెన్ను?

---

తొప్పి_మూత

మృదంగమే నయం, అందులో వాయిద్యం మార్చే పనే లేదు. అదే మృదంగాన్ని అటుదిటు తిప్పి ఒళ్ళో పెట్టుకోవడమే. కరణి (నల్లటి గుండ్రని పూత) ఉన్న మూత ఎడమచేతికి వస్తుంది, రవ్వముద్ద పెట్టే రెండో మూత, తొప్పి, కుడిచేతికి పోతుంది. నేర్చుకునేటప్పుడు ఒక సుఖం కూడా ఉంది. గురువుగారికి ఎదురుగా కూర్చుంటే ఆయన చేతులు అద్దంలో తన చేతుల్లాగే కనబడతాయి. కుడిచేతి పిల్లలు మనసులో తిప్పుకోవాలి, మీ పాపకి అక్కర్లేదు. పళని సుబ్రమణ్య పిళ్ళై అంతటి విద్వాంసుడు ఎడమచేతి వాటమే.

చిక్కు వచ్చేది కచేరీలో. మృదంగం కరణి మూత సభవైపు ఉండాలి కాబట్టి మామూలుగా మృదంగం వాయించేవారు గాయకుడికి కుడిపక్క కూర్చుంటారు, వయొలిన్ ఎడమపక్క. ఎడమచేతివాళ్ళయితే స్థలాలు తారుమారు చేసుకోవాలి. వయొలిన్ వారికీ మైకు పెట్టేవారికీ ముందే చెప్పాలి, లేకపోతే వేదిక మీద సర్దుబాట్లు మొదలవుతాయి. చేరేముందే గురువుగారిని అడగండి, "ఎడమచేత్తోనే చెబుతారా?" అని. కొందరు కుడికి మార్చి చెబుతామంటారు. అలాంటప్పుడు ఇంకొకరిని వెతుక్కోవడం మేలు.

వీణ తిప్పడం అంత తేలిక కాదు. మూడు తాళం తీగలు ఒక పక్కకే బిగించి ఉంటాయి, తీగలు ఆనే గుర్రం కూడా ఆ పక్కకే తయారవుతుంది. తిప్పాలంటే కొత్తగా చేయించాలి, తర్వాత దాన్ని ఇంకెవరూ కొనరు. అయితే నా ఉద్దేశంలో అవసరమూ లేదు. వీణలో గమకమంతా (స్వరాన్ని ఊపి పలికించడం) మెట్లమీద ఎడమచేతి పనే, మామూలుగా పట్టుకున్నా పాప బలమైన చేతికే కష్టమైన పని పడుతుంది. వయొలిన్‌కీ ఇదే మాట. దాని పొట్టలోపలి కర్రలు కూడా ఒకపక్కకే అమర్చి ఉంటాయి, తీగలు తారుమారు చేసినంత మాత్రాన ఎడమచేతి వయొలిన్ అయిపోదు. వేణువు ఎటుపట్టినా పలుకుతుంది. కంజీరకి, ఘటానికి ఈ గొడవే లేదు.

---

రాతబల్ల

పెన్ను గురించి. కుడిచేయి పాళీని లాగుతుంది, ఎడమచేయి నెడుతుంది. పాళీ కాగితంలో గుచ్చుకోవడం, గీత మధ్యలో తెగడం దానివల్లే. పైన చెప్పిన వాలు కుదిరితే సన్నని పాళీ ఉన్న మామూలు ఇంకు పెన్నే సరిపోతుంది. సన్నని పాళీ ఇంకు తక్కువ వదులుతుంది, త్వరగా ఆరుతుంది. నున్నటి మెరుపు కాగితం మీద ఏ ఇంకైనా ఆలస్యంగా ఆరుతుంది, నోటుబుక్కు గరుకుగా ఉన్నది చూసుకోండి. కొంకి చెయ్యి తగ్గకముందే ఇంకు పెన్ను ఇస్తే మాత్రం పేజీ పేజీ నీలమే. వీలైతే స్కూలుని కొన్నాళ్ళు బాల్‌పెన్ను అడగండి.

---

గిండీ_గ్రాఫ్

బాల్‌పెన్ను మీద చిన్న తేడా. ఇంకు త్వరగా ఆరేది అదే, నిజం. అయితే దాన్ని బాగా వాల్చి నెడితే గోళీ సరిగ్గా దొర్లదు, అక్షరం మధ్యలో ఇంకు ఎగిరిపోతుంది. నిటారుగా పట్టుకుంటేనే పనిచేస్తుంది. జెల్ పెన్ను నున్నగా జారుతుంది కానీ ఇంకు త్వరగా ఆరదు. కావాలంటే 0.5 మొన తీసుకుని కింద వరసమీద అద్దుడు కాగితం పెట్టుకోవాలి.

ఇక మీకు ఇప్పుడే పనికిరాదు గానీ, పై క్లాసుల పిల్లలున్నవాళ్ళకి. కోచింగ్ సెంటర్లలో చెక్క ప్యాడు ఉన్న కుర్చీలుంటాయి, ప్యాడు కుడిచేతికే. ఎడమ ప్యాడు కుర్చీ అడిగితే చాలాచోట్ల ఒకటో రెండో తెప్పిస్తారు. అది వచ్చేదాకా ఎడమపక్క కుర్చీ ఖాళీగా ఉంచుకుంటే దాని కుడి ప్యాడు మన ఎడమచేతి కిందికే వస్తుంది. మెలితిరిగి కూర్చుని గంటలు రాయడం కన్నా ఇది నయం, నడుం మిగులుతుంది.

కంప్యూటర్ పరీక్షల్లో మౌసు కుడిపక్కే ఉంటుంది. ఇంట్లో ఎడమచేతి మౌసు అలవాటు చేసి, బటన్లు మార్చి పెట్టుకున్న పిల్లలు అక్కడ తడబడతారు, ఆ సెట్టింగు అక్కడ మార్చుకునే వీలు ఉండదు. కాబట్టి మౌసు మాత్రం కుడిచేత్తోనే నేర్పండి. ఇందులో నష్టం లేదు, లాభమే ఉంది. జేఈఈ మెయిన్‌లో అంకె జవాబులు కూడా తెరమీది మీటల్ని మౌసుతో నొక్కే పెట్టాలి. కుడిచేతివాళ్ళు రఫ్ వర్కుకీ మౌసుకీ మధ్య పెన్ను దింపుతూ ఎత్తుతూ ఉంటారు. ఎడమచేతివాళ్ళు ఎడమచేత్తో లెక్క చేస్తూనే కుడిచేత్తో జవాబు కొట్టేయొచ్చు. రఫ్ కాగితం కీబోర్డుకి ఎడమపక్క పెట్టుకుని, ఇంట్లో నమూనా పరీక్షలు అలాగే రాయించండి.